బదరీ వృక్షము క్రింద

వరంగల్ ప్రాంతపు పల్లెలలో సేవ చేయుచున్న మేము, మా వలన జరిగిన ఒక తప్పిదమును మీ యెదుట ఒప్పుకొనుచున్నాము. సంబంధించిన సహోదరి అనుమతితోనే, పేరు చెప్పక వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితం ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరు వెళ్లినను ఆమె కదలలేదు. తనకు హెచ్.ఐ.వి. ఉన్నదనియు, నిద్ర పట్టుట లేదనియు, మందుల డబ్బాను బియ్యములో దాచుకొనుచున్నాననియు చెప్పెను. మేము ప్రార్థించి, "చింతపడకమ్మా, విశ్వాసముంటే చాలు" అని పంపివేసితిమి. ఆమె ఆ మాట పట్టుకొని మందులే మానివేసెను. జ్వరముతో మంచము పట్టిన తరువాత గాని ఆ సంగతి మాకు తెలియలేదు.

ఆ రాత్రి మాకు ఏలీయా జ్ఞాపకమునకు వచ్చెను. బ్రతుకు మీద విసుగు పుట్టి బదరీ వృక్షము క్రింద పడుకొనిన ఆ ప్రవక్తను దేవుడు గద్దింపలేదు. ముందు నిద్రపోనిచ్చెను. తరువాత దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించెను; అదియు రెండుసార్లు. మాటలు ఆ తరువాతనే.

తెల్లవారగానే మేము దంపతులము గంజి తీసుకొని వెళ్లి, క్షమాపణ అడిగి, ఆమెను ఎం.జి.ఎం. ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రమునకు తీసుకొని వెళ్లితిమి. దారిలో ఆమె, "అయ్యగారూ, రోగం కన్నా ఎవరన్నా చూస్తరేమోనన్న భయమే నన్ను తింటున్నది" అనెను.

ఆ భయమును తగ్గించునవి ఉన్నవి. ఈ మందులను 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. మానక వాడి, పరీక్షలో వైరస్ కనబడని స్థితి నిలిచియున్నచో దాంపత్యము వలన భాగస్వామికి సోకదు. కలిసి భుజించుట వలన ఎన్నడును సోకదు. నమ్మి చెప్పిన సంగతిని అనుమతి లేక బయటపెట్టుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది. కాపరులారా, ప్రార్థనాంశమని సభలో పేరు చదువుటయు బయటపెట్టుటయే!

ఆమె మాత్రను రాత్రి ప్రార్థన వేళకు ముడిపెట్టుకొనెను. సాయంత్రము పొలము గట్టున నడచును. గుండె దడ పుట్టినప్పుడు ఊపిరి నెమ్మదిగా తీసి, మరింత నెమ్మదిగా విడచును. మనసు బరువైనప్పుడు చెప్పుకొనుటకు ఒక్క అక్కను ఎన్నుకొనెను. దిగులు రెండు వారములు దాటినను విడువకున్నచో డాక్టరుకు చెప్పవలెను. అది అవిశ్వాసము కాదు.

ఇప్పుడు ఆ మందుల డబ్బా బియ్యములో లేదు, గూటిలో బైబిలు ప్రక్కన ఉన్నది.

ప్రియులారా, మీ వాడలో బదరీ వృక్షము క్రింద ఎవరున్నారో చూడుడి. ముందు రొట్టె, నీళ్లు తీసుకొని వెళ్లుడి. ఆమెన్.