ఓవల్ మైదానంలో మన ఊరివాడు

లండను వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా కాలేజీ స్టాఫు రూములో ఒకటే ప్రశ్నలు. టవర్ వంతెన చూశారా, రాజుగారి కోట చూశారా, కోహినూరు చూశారా అని. అన్నీ చూశానండీ. మన గోల్కొండ సీమ వజ్రాన్ని మనం కళ్ళారా చూద్దామనుకుంటే, కదిలే పట్టీ మీద నిలబెట్టి అర నిమిషంలో అవతలికి దాటించేశారు. దాన్ని గురించి ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

నేను బయలుదేరే ముందు మా నాన్నగారు చూసి రమ్మన్నది మాత్రం వీటిలో ఒక్కటీ కాదు. "ఓవల్‌కు పో. ఆసిఫ్ దిగిన మెట్లు చూసి రా" అన్నారు. అంతే. ఆ ఊళ్ళోనే ఉన్న మా తమ్ముడి ఇల్లెలా ఉందో చూసి రమ్మని మాత్రం అనలేదు.

ఆసిఫ్ ఎవరో ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. ఆసిఫ్ ఇక్బాల్ పాకిస్తాను జట్టుకు 58 టెస్టులు ఆడి 3575 పరుగులు, 11 శతకాలు చేసిన బ్యాట్స్‌మన్. ఆ జట్టుకు నాయకుడు కూడా. పుట్టింది 1943లో, మన హైదరాబాదులో! మన దేశానికి కెప్టెన్సీ చేసిన స్పిన్ బౌలరు గులాం అహ్మద్ కుటుంబంలో పిల్లవాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఈ గాలే పీల్చాడు, ఈ ఊరి జట్టుకే రంజీ ఆడాడు. 1961లో కుటుంబం పాకిస్తాను వెళ్ళిపోయింది.

మా నాన్నగారు పుట్టిందీ 1943లోనే. అప్పుడు మా ఇల్లు నారాయణగూడలో ఉండేది. ఫతే మైదానం నడిచిపోయేంత దూరం. ఇప్పుడు దాని పేరు లాల్‌బహదూర్ స్టేడియం గాని, నాన్న నోట ఆ పేరు నేనెన్నడూ వినలేదు. టిక్కెట్టు లేకుండా ఏ పక్కనుంచి లోపలికి దూరవచ్చో ఆయనకు బాగా తెలుసట. అప్పట్లో ఆసిఫ్ ప్రధానంగా బౌలరు. బ్యాటింగు చివర్లో. "సన్నగా ఉండేటోడు. బంతి కొట్టంగనే చూడాలె, ఉరుకుడే ఉరుకుడు. రెండు పరుగులున్న కాడ మూడు తీసేటోడు" అని చెబుతారు. అరవై ఏళ్ళ తరువాత కూడా ఆ మాట చెబుతుంటే ఆయన చేతివేళ్ళు రెండూ బల్ల మీద పరుగెడుతూ ఉంటాయి.

ఇక 1967 సంగతి. ఆ వేసవిలో పటౌడీ నాయకత్వాన మన జట్టు ఇంగ్లండు వెళ్ళి, మూడు టెస్టులూ ఓడి తిరిగివచ్చింది. వెనకనే పాకిస్తాను వెళ్ళింది. ఆగస్టు 28 రాత్రి మా నాన్న రేడియోకు చెవి ఆనించి ఆసిఫ్ శతకం వార్త విని, "మనోడు కొట్టిండు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచారట. మా తాతగారు లేచి వచ్చి రేడియో కట్టేశారు. యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్ళే. "మన ఊరోడే. మన దేశపోడు కాదు" అన్నారట తాతగారు. పెళ్ళీడుకొచ్చిన కొడుకు, జవాబు చెప్పకుండా వెళ్ళి పడుకున్నాడు.

ఈ కథ మా ఇంట్లో వందసార్లు విన్నాం. కాని ఆరేళ్ళ క్రితం మా తమ్ముడు బ్రిటిషు పౌరసత్వం పుచ్చుకున్నానని ఫోనులో చెప్పినప్పుడు, నాన్న ఫోను అమ్మ చేతికిచ్చి, నా వంక చూసి, "మన ఊరోడే" అని ఊరుకున్నారు. రెండో సగం ఆయన అనలేదు. నేను పూర్తి చేసుకున్నాను. అప్పట్నుంచీ తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. తమ్ముడు ఫోను చేస్తే అమ్మ మాట్లాడుతుంది. నాన్న వరండాలోకి వెళతారు.

ఓవల్‌కు నాతో వచ్చింది తమ్ముడి కొడుకు. పదమూడేళ్ళవాడు. తమ్ముడికి ఆఫీసు. భూగర్భ రైల్లో ఓవల్ అనే స్టేషనులోనే దిగాం. థేమ్సు నదికి దక్షిణాన కెన్నింగ్టన్ పేట అది. దొరల లార్డ్స్ మైదానం చుట్టూ ఉన్న దర్జా ఇక్కడ లేదు. బస్సులు, కొట్లు, బట్టలుతికే దుకాణాలు, అన్ని రంగుల మనుషులు. నాకైతే మన కాచిగూడ చౌరాస్తా గుర్తొచ్చింది. 1845 దాకా అది కూరగాయల తోటట! వేరే ఊరి బయలు నుంచి పచ్చిక గడ్డలు గడ్డలుగా తెచ్చి పరిచి మైదానం చేశారు. ఇంగ్లండులో మొట్టమొదటి టెస్టు 1880లో జరిగింది ఇక్కడే.

ఆటలేని రోజు. డబ్బు కడితే లోపలికి తీసుకువెళ్ళి చూపిస్తారు. చూపించేవాడొక ముసలాయన, కోటు బొత్తాం పెట్టుకుని మహా శ్రద్ధగా చెబుతున్నాడు. ఇక్కడే 1948లో బ్రాడ్‌మన్ తన కడపటి ఇన్నింగ్సులో సున్నాకు అవుటయ్యాడు. అవతల ఆ ఇనుప చట్రాలు గ్యాసు నిలవచేసే టాంకులవి. నేను అవి ఫోటోల్లో చూసినవే. ఇప్పుడు వాటిలో గ్యాసు లేదు. ఆ పక్కన ఫ్లాట్లు లేచాయి. పాత సామాను కూడా పారెయ్యకుండా పేరు పెట్టి కాపాడుకోవటం వాళ్ళ గుణం.

"పెదనాన్నా, అడుగు" అని పిల్లవాడు నా మోచెయ్యి పొడిచాడు. అడిగాను. ముసలాయన ముఖం విప్పారింది. "ఓ, సరదా ఆట చెడగొట్టినవాడా!" అన్నాడు.

ఆ సంగతి ఇది. ఆ టెస్టులో ఇంగ్లండు 440 కొట్టింది. పాకిస్తాను 216కే కూలి, వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దిగాల్సి వచ్చింది. ఈసారి మరీ ఘోరం. 53కు ఏడు వికెట్లు, 65కు ఎనిమిది. ఇంకా ఇంగ్లండు స్కోరుకు చాలా దూరం. ఆట మధ్యాహ్నానికే ముగిసిపోతుందని నిశ్చయించుకుని, డబ్బిచ్చి వచ్చిన జనం ఊరికే పోతారే అని, ఇరవై ఓవర్ల సరదా పోటీ ఒకటి పెడదామని పెద్దలు ఏర్పాట్లు కూడా చేసుకున్నారు. పరువు తీయడమంటే ఇంతకంటే ఏముంటుంది చెప్పండి! ఇంట్లో శవం లేవకముందే సంతర్పణకు ఆకులు కుట్టించినట్లు.

అలాంటప్పుడు తొమ్మిదో నంబరుగా దిగిన ఇరవైనాలుగేళ్ళ ఆసిఫ్, జతగా నిలిచిన ఇంతిఖాబ్ ఆలంతో కలిసి తొమ్మిదో వికెట్టుకు 190 పరుగులు చేశాడు. కాళ్ళు కదిపి ముందుకొచ్చి కొట్టడం, బంతి వెళుతుండగానే పరుగుకు పిలవడం, ఫతే మైదానంలో నాన్న చూసిన ఆటే. శతకం పూర్తవగానే వందల మంది పాకిస్తానీయులు, ఇంగ్లండులో మిల్లుల్లో, బస్సుల్లో కూలినాలి చేసుకుంటున్నవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు, గుంపుగా లోపలికి దూకి, అతణ్ణి భుజాల మీదికి ఎత్తేశారు. పోలీసులు వచ్చి విడిపించేసరికి మనిషికి ఒళ్ళంతా దెబ్బలు. ఓ గుక్క ఏదో తాగి మళ్ళీ ఆడాడు. 146 దగ్గర అవుటయ్యాడు. ఇంతిఖాబ్‌ది 51. పాకిస్తాను 255కు చేరింది, ఇంగ్లండు ఎనిమిది వికెట్లతో గెలిచింది. గెలిచినవాళ్ళ సంగతి ఇప్పుడెవరూ చెప్పుకోరు. తొమ్మిదో వికెట్టుకు ఆ 190 పరుగుల రికార్డు 1998 దాకా, తొమ్మిదో నంబరు ఆటగాడికి 146 రికార్డు 1990 దాకా నిలిచాయి. ఆ ఇన్నింగ్సు తరువాత విస్డెన్ ఎంచిన ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఆసిఫ్, హనీఫ్ మహమ్మద్, మన పటౌడీ ముగ్గురూ ఉన్నారు. తమాషా ఏమంటే అప్పటికి పటౌడీ రంజీ ఆడుతున్నది హైదరాబాదుకు! ఒకడు వెళ్ళిపోయిన ఊరికి మరొకడు వచ్చి చేరాడన్నమాట.

ఈ మైదానానికీ మన ఊరికీ ఏదో రుణం ఉంది. నాలుగేళ్ళకు, 1971లో, ఇంగ్లండు గడ్డ మీద మన దేశం మొదటి టెస్టు గెలిచింది కూడా ఓవల్‌లోనే. ఆ గెలుపు పరుగులు కొట్టిన ఆబిద్ అలీ హైదరాబాదువాడే. ఇద్దరూ ఒకే ఊరి మైదానాల్లో బంతి పట్టినవాళ్ళు.

పెవిలియన్ మెట్లు చూపించాడు ముసలాయన. మెట్లంటే మెట్లే, ఏముంటుంది. పిల్లవాడు గబగబా నాలుగు మెట్లు దిగి, బ్యాటు చంకలో పెట్టుకున్నట్లు నటించి, పైకి చూశాడు. నేను ఫోటో తీద్దామనుకునేంతలో వాడే ఫోను తీసి, ఇంటికి వీడియో కాల్ చేసేశాడు. నాకు గుండె ఆగినంత పనయింది. హైదరాబాదులో సాయంత్రం నాలుగున్నర. ఆ వేళకు అమ్మ గుడికి వెళుతుంది. ఫోనెత్తింది నాన్న.

"తాతయ్యా, మెట్లు చూడు" అన్నాడు వాడు, వచ్చీరాని తెలుగులో. నాన్న చాలాసేపు చూశారు. "ఎటు దిక్కు నుంచి బౌలింగు?" అని అడిగారు. వాడు ఫోను తిప్పి వాక్స్‌హాల్ వైపు చూపించాడు. తరువాత, నేను భయపడుతున్న ప్రశ్నే వేశారు.

"నువ్వు పెద్దయినంక ఏ దేశానికి ఆడుతవురా?"

"ఇంగ్లండుకు" అన్నాడు వాడు. పుట్టిన ఊరు పేరడిగితే చెప్పినంత మామూలుగా. పుట్టింది అక్కడే కదా మరి.

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. "ఎన్నో నంబరుల దిగుతవు?" అన్న మాట వినబడింది.

"తొమ్మిది. నేను బౌలర్‌ని తాతయ్యా."

ఇక నాన్న మొదలుపెట్టారు. 65కు ఎనిమిది దగ్గర్నుంచి. ముసలాయన మిగతా జనాన్ని తీసుకుని ముందుకెళ్ళిపోయాడు. మేమిద్దరం ఆ మెట్ల మీదే కూచున్నాం.

ఆదివారంనాడు తమ్ముడు కారులో కాంటర్‌బరీ తీసుకువెళ్ళాడు. దానికీ ఆసిఫే కారణం. 1967 టెస్టులో ఎదురు జట్టులో ఉన్న కౌడ్రే, వికెట్‌కీపరు నాట్ ఇద్దరూ కెంటు కౌంటీవాళ్ళు. మరుసటి ఏడే ఆసిఫ్ ఆ కౌంటీలో చేరి, 1982 దాకా ఆడాడు. కెప్టెన్సీ కూడా చేశాడు. 1970లో కెంటు కౌంటీ విజేత అయింది, 1913 తరువాత అదే మొదలు. 1971లో లార్డ్స్‌లో కప్పు ఫైనలు ఒంటిచేత్తో గెలిపించబోతూ 89 దగ్గర, గాల్లోకి ఎగిరి పట్టిన ఒక్క క్యాచితో పోయాడు. కెంటు ఓడినా ఆ రోజు ఆటగాడి బహుమతి అతనిదే.

కాంటర్‌బరీ అంటే వాళ్ళ పూర్వకవి చాసర్ కథల్లో యాత్రికులు కథలు చెప్పుకుంటూ పోయే పుణ్యక్షేత్రం. మన కాశీమజిలీ కథల్లాగే. చర్చి బ్రహ్మాండమే గాని నేను తొందరపడింది మైదానానికి. అక్కడొక వింత. హద్దు లోపలే ఒక లైమ్ చెట్టు ఉండేది. బంతి దానికి తగిలితే నాలుగు పరుగులు. దాన్ని కొట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు, ఆటకే నిబంధన రాసుకున్నారు. రెండు వందల ఏళ్ళ దరిదాపు బతికి, 2005 జనవరిలో గాలికి విరిగింది. పక్కన మరో మొక్క నాటారు. ఇప్పుడు కాస్త నీడనిచ్చేంత అయింది.

ఆ నీడలో నిలబడి మిగతా కథ తమ్ముడికి చెప్పాను. 1961 నుంచి 1978 దాకా మనకూ పాకిస్తానుకూ మధ్య టెస్టులే లేవు. అంటే ఆసిఫ్ మంచి వయసంతా, పుట్టిన దేశంతో ఒక్క బంతి ఆడకుండానే గడిచింది. 1978లో మన జట్టు అక్కడికి వెళ్ళినప్పుడు, కరాచీలో చివరి రోజు మిగిలిన కాస్త వేళలో 164 కావాలంటే, ముప్పైఐదేళ్ళ మనిషి తనే మొదట దిగి, కుర్రవాడు మియాందాద్‌తో పోటీపడి పరుగెత్తి, మనల్ని ఓడించాడు. మరుసటి ఏడు కెప్టెనుగా ఇక్కడికి వచ్చాడు. ఆరు టెస్టులు. బెంగుళూరు, ఢిల్లీ, బొంబాయి, కాన్పూరు, మద్రాసు, కలకత్తా. హైదరాబాదులో లేదు. పుట్టిన ఊళ్ళో అతను ఒక్క టెస్టూ ఆడలేదు. సిరీసు 2-0తో ఓడిపోయాడు. 1980లో కలకత్తాలో తన ఆఖరి టెస్టులో దిగుతుంటే, ఈడెన్ గార్డెన్స్ జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"నాన్న ఆ మాచికి వెళ్ళారా?" అని అడిగాడు తమ్ముడు.

"సెలవు దొరకలేదట. రేడియోలో విన్నారు."

"తాత అప్పటికి...?"

"పోయారు. రేడియో కట్టేసేవాళ్ళు లేరు."

తిరిగి వచ్చేటప్పుడు వాన. వెనక సీట్లో పిల్లవాడు నిద్రపోయాడు. తమ్ముడు చాలాదూరం మాట్లాడలేదు. లండను దీపాలు కనబడుతుండగా అడిగాడు.

"అన్నా, అమ్మ గుడికి ఏ రోజుల్లో వెళుతుంది?"

"రోజూ వెళుతుంది. నాలుగింటికి వెళితే ఆరింటికి వస్తుంది" అన్నాను.