సహజంగా

"సహజంగా అయితే బాగుండేది." ఈ రెండేళ్ళలో ఈ మాట నాకు చాలామంది చెప్పారు. పిన్ని చెప్పింది, కింది ఫ్లాట్ ఆంటీ చెప్పింది, ఆఫీసులో నాకంటే చిన్నమ్మాయి ఒకత్తి చెప్పింది. ఐవీఎఫ్ అని పలకడానికి మొహమాటపడి, దాని చుట్టూ తిరిగి వచ్చి ఈ మాట దగ్గర ఆగుతారు. వాళ్ళ మీద నాకు కోపమేం లేదు. కానీ ఆ మాటలో ఒక నమ్మకం దాక్కుని ఉంది: ప్రకృతిలో అన్నీ వాటంతటవే జరిగిపోతాయనీ, ప్రగతి నగర్ ఫ్లాట్లలో లాప్‌టాప్‌ల ముందు కూచున్న మనమే చెడగొట్టుకున్నామనీ.

మాది కాకినాడ పక్క. సముద్రాన్ని చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, ఈ సహజం సంగతేంటో అక్కడే చూద్దామనిపించింది. ఇంజెక్షన్ల రోజుల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టక రొయ్యల గురించీ పీతల గురించీ చదవడం మొదలుపెట్టాను.

టైగర్ రొయ్యనే తీసుకోండి. ఆడ రొయ్య కుబుసం విడిచి, ఒళ్ళు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే మగది కలుస్తుంది. వీర్యాన్ని చిన్న పొట్లంలా కట్టి ఆమె కాళ్ళ మధ్యనున్న సంచిలో పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్లు సిద్ధమయ్యేదాకా ఆమె దాన్ని మోసుకు తిరుగుతుంది. ఈలోగా మళ్ళీ కుబుసం విడవాల్సి వస్తే, పాత పొట్టుతో పాటు ఆ పొట్లమూ పోతుంది. మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఇది చదివిన రాత్రి మా ఆయన్ని నిద్రలేపి మరీ చెప్పాను. "అయితే రొయ్యలకి కూడా సైకిల్ ఫెయిలవుతుందన్నమాట" అన్నాడు.

అన్నీ కుదిరితే, ఒడ్డుకి దూరంగా, రాత్రి పూట, ఒక్కో ఆడ రొయ్య రెండున్నర లక్షల నుంచి ఎనిమిది లక్షల దాకా గుడ్లు నీళ్ళలో వదిలేస్తుంది. అక్కడితో ఆమె పని అయిపోయింది. వెనక్కి తిరిగి చూడదు. సగం రోజు తిరిగేసరికి గుడ్డు పగిలి నాప్లియస్ వస్తుంది. దానికి తిండి తినడం రాదు, ఒంట్లో ఉన్న సొన మీదే బతుకుతుంది. తర్వాత జోయియా, కంటికి కనపడని నాచు తింటుంది. ఆ తర్వాత మైసిస్, తలకిందులుగా వేలాడుతూ వెనక్కి ఈదుతుంది. ఇన్ని రూపాలు మారి, పది పన్నెండు రోజులకి రొయ్య పిల్ల అనదగ్గ ఆకారం వస్తుంది. అప్పుడు ఆటుపోట్లను పట్టుకుని నదీముఖాల్లోకి, మడ అడవుల్లోకి చేరుతుంది. మా వైపు పిల్లలైతే కోరింగ మడల్లోకి. అక్కడ ఉప్పూ చప్పా కలిసిన నీళ్ళలో కొన్ని నెలలు పెరిగి, మళ్ళీ లోతు సముద్రానికి వెళ్తుంది.

ఈ దారిలో ఎన్ని మిగులుతాయి? లెక్క కోసం పెద్ద చదువేమీ అక్కర్లేదు. సముద్రంలో రొయ్యల సంఖ్య పెరక్కుండా తరక్కుండా ఉండాలంటే, ఒక ఆడ రొయ్య తన జీవితం మొత్తంలో పెట్టిన గుడ్లన్నిటి నుంచీ సగటున రెండు బతికి పెద్దవైతే చాలు. రెండు. మిగతా లక్షలన్నీ చేపల నోళ్ళలోకో, తప్పు ప్రవాహంలోకో పోయినట్టే.

పోయినసారి నాకు తొమ్మిది గుడ్లు వచ్చాయి. ల్యాబ్ నుంచి రోజూ పొద్దున ఫోన్ వచ్చేది. మొదటి రోజు ఆరు. మూడో రోజు నాలుగు. ఐదో రోజుకి రెండు. ఆ తర్వాత ఏదీ నిలవలేదు. ఆ ఫోన్లు వచ్చినన్నాళ్ళూ నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను. రొయ్యల లెక్క చూశాక ఆ అంకెలు నా చేతకానితనంలా కనిపించడం తగ్గింది. సముద్రంలోనైతే ఈ ఫోను చేసేవాళ్ళు ఉండరు, అంతే తేడా.

గుల్లలది ఇంకో తిప్పలు. కాకినాడ తీరంలో బురదలో కూరుకుని బతికే గుల్లలు ఒకదాని దగ్గరికి ఒకటి వెళ్ళి కలవవు. ఆడది గుడ్లనీ మగది వీర్యాన్నీ నీళ్ళలోకే వదులుతాయి. ఒకటి మొదలుపెడితే ఆ నీటి జాడ తగిలి పక్కవి కూడా వదులుతాయి. గుంపు దగ్గర దగ్గరగా ఉంటేనే అది పని చేస్తుంది. మనం ఏరుకుపోయి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలితే, వదిలిందంతా నీళ్ళలో కలిసి పలచబడి పోతుంది. సహజంగా జరగాలన్నా దానికో చోటు కావాలి, చుట్టూ మంది కావాలి.

ఆదివారం ప్రగతి నగర్‌లో చేపల కొట్ల దగ్గర కనిపించే రొయ్యల్లో ఎక్కువ శాతానికి ఈ కథ తెలీదు. అవి వనామీ. అసలు పుట్టిల్లు పసిఫిక్ తీరం, అమెరికా ఖండం వైపు. 2009లో మన దేశంలో వీటి పెంపకానికి అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు విమానంలో దిగి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ చేసుకుని హేచరీలకు వెళ్తాయి. తొట్టెల్లో పెట్టిన తల్లి రొయ్య చాలాసార్లు గుడ్డుకి రాదు. గుడ్డుని ఆపే హార్మోన్ కంటి కాడలో తయారవుతుంది కాబట్టి, ఒక కంటి కాడని నొక్కేస్తారు, లేదా కోసేస్తారు. కొన్ని రోజుల్లో గుడ్డు తయారవుతుంది. ఇది చదివినప్పుడు నా కడుపులో తిప్పింది. నాకూ హార్మోన్లే ఇస్తున్నారు, కాదనను. కానీ నన్ను కూచోబెట్టి చెప్పారు, నేను కాగితాలు చదివి సంతకం పెట్టాను, వద్దంటే ఏ రోజైనా ఆపేయొచ్చు. సహజమా కాదా అన్నదాని కంటే, ఆ ఒంటిని ఎవరైనా అడిగారా లేదా అన్నదే నాకు ముఖ్యమనిపించింది.

పీతలు మాత్రం ఇంకా చాలావరకు సముద్రం మీదే ఆధారపడ్డాయి. తాడుతో కట్టేసి బుట్టల్లో పెట్టే మడ పీతల్లో గుడ్డున్నవాటికి ధర ఎక్కువ. నారింజ రంగులో కనిపించే ఆ గుడ్డు ఇంకా పెట్టని గుడ్డు. ఆడ పీత మడల్లో మగదాన్ని కలిసి, ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, గుడ్డు పండాక సముద్రంలోకి నడిచి వెళ్తుంది. అక్కడ లక్షల గుడ్లని పొట్ట కింద అంటించుకుని, పొదిగేదాకా మోస్తుంది. రొయ్యలా వదిలేసి పోదు. అంటే మనం ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కునేది ప్రయాణానికి సిద్ధమైన తల్లిని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టుకోవాలనే. కానీ మడ కాలవలో దొరికిన పీతకి ఆ సెలవు పెద్దగా అందదు.

"పీతలు వేడి, ఈ టైంలో తినకు" అని అమ్మ ఫోన్లో చెప్తూనే ఉంది. డాక్టరు మాత్రం తినొచ్చంది. మొన్న మా ఆయన కొట్లో మగ పీతలే కావాలని అడిగితే, "అందరూ గుడ్డున్నవే ఏరుకుంటారు సార్" అని కొట్టతను వింతగా చూశాడట. తిరగేసి చూస్తే తెలుస్తుంది: మగదానికి పొట్ట కింద మూత సన్నగా ఉంటుంది, ఆడదానికి వెడల్పుగా. ఆ వెడల్పంతా గుడ్లు మోయడానికే. బుట్టలో వెడల్పు మూతలవి నాలుగు మిగిలాయట. వాటిని తర్వాత ఎవరో కొనుక్కునే ఉంటారు.