మేము కాదు, మనం

మీలో చాలామంది నాలాగే తెలుగును పుస్తకంలో నేర్చుకుంటున్నారు. నేను డర్బన్‌లో ఒక గుడిలో నేర్చుకున్నాను. శనివారం మధ్యాహ్నం చాప మీద కూర్చుని అ, ఆ దిద్దేవాళ్లం. చదవడం, రాయడం అక్కడే వచ్చాయి. ఆ గుడికి నేను ఎప్పుడూ ఋణపడి ఉంటాను. కానీ మాట్లాడడం మాత్రం రాలేదు. అది నాకు యాభై దాటాక, ఒక పెద్దమ్మ దగ్గర వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను. మీకు పనికొస్తుంది.

పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండడానికి ఇక్కడికి వచ్చారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కొడుకూ కోడలూ పనికి వెళ్తే పగలంతా ఒంటరిగా ఉండేవారు. స్కూలు అయిపోయాక నేను వారానికి మూడు రోజులు వెళ్లేదాన్ని.

మొదటి రోజు, ముందే రాసుకున్న వాక్యం అప్పజెప్పాను. "నమస్కారము. మీరు క్షేమముగా ఉన్నారా?" పెద్దమ్మ నవ్వి, గబగబా ఏదో అన్నారు. అందులో నాకు అందిన మాట "టీ" ఒక్కటే.

పుస్తకం సంచిలో పెట్టేసి, ఆవిడ వెనకాలే వంటింట్లోకి వెళ్లాను. కనిపించిన ప్రతి వస్తువునూ చూపించి "ఇదేమిటి?" అని అడిగాను. మీరూ ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. కానీ ఒక జాగ్రత్త. పొయ్యి మీద గిన్నె చూపిస్తే ఆవిడ "ఎసరు" అన్నారు. గిన్నెను ఎసరు అంటారని రాసుకున్నాను. మర్నాడు ఖాళీ గిన్నె పట్టుకుని "ఎసరు" అంటే పెద్దమ్మ పకపకా నవ్వారు. ఎసరు అంటే అన్నానికి పొయ్యి మీద మరిగించే నీళ్లు! అందుకే ఒక మాటను రెండు మూడు చోట్ల అడిగి చూడాలి.

తరువాత పనులు. కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని "కొడతాను" అనేవారు. కొడుతూ "కొడతన్నాను" అనేవారు. రెండు చెక్కలయ్యాక "కొట్టాను". గుడిలో ఏడాది పాటు బట్టీ పట్టిన కాలాలు ఒక్క కాయతో అర్థమయ్యాయి. "ఎందుకు అలా అంటారు?" అని మాత్రం అడగకండి. మాట్లాడేవాళ్లకు వ్యాకరణం తెలియనక్కర్లేదు. "అలాగే అంటాం కదమ్మా" అంటారు.

ఒకరోజు ఆవిడనూ నన్నూ కలిపి చెబుతూ, "మేము తెలుగువాళ్లం" అన్నాను. పెద్దమ్మ చేతిలో పని ఆపేశారు. "మేమేటి? నాను కాదేటి? మనం అను." ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో "మేము" అంటే ఎదుటి మనిషి బయట ఉంటారు. "మనం" అంటే లోపల ఉంటారు. తెలియకుండానే ఆవిడను గుమ్మం బయట నిలబెట్టాను.

ఇంకోరోజు మనవరాలి నుంచి ఫోను వచ్చింది. పెద్దమ్మ ఎత్తగానే అన్నారు: "ఏటే గుంటా, బువ్వ తిన్నావా?"

నా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. అది మా అవ్వ మాట. చిన్నప్పుడు నేను ఇంటికి రాగానే అవ్వ సరిగ్గా అలాగే అడిగేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, గుడిలో కొత్తగా నేర్చుకున్న గర్వంతో ఆమెను దిద్దాను. "ఏటి కాదవ్వా, ఏమిటి అనాలి. గుంట అంటే గొయ్యి. నీది తప్పు తెలుగు." అవ్వ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నాతో వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడింది. నాకు పద్నాలుగేళ్లప్పుడు పోయింది.

పెద్దమ్మ ఊళ్లో గుంట అంటే అమ్మాయి. గుంటడు అంటే అబ్బాయి. అవ్వది తప్పు తెలుగు కాదు, ఆ ప్రాంతపు తెలుగు.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా ఇలా ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చారు. అవ్వ తండ్రి వాళ్లలో ఒకడు. ఆయన గురించి మా దగ్గర ఉన్నది ఒక నంబరు, వైజాగపట్నం అనే జిల్లా పేరు, అంతే. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. అది 1950లో ఏర్పడింది. ఊరి పేరు మాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఎటువైపు నుంచి వచ్చామో అవ్వ నోట్లోనే ఉంది. ఆ నోరు నేనే మూయించాను.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను, తప్పులతోనే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చిన్నగుంటవి, నీకేటి తెలుసు?" అన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల మాట మీ వాచకంలో మాటలా లేకపోతే, దిద్దకండి. పక్కన కూర్చుని ఒక వస్తువు చూపించి అడగండి: "ఇదేటి?"