చేతులు కలిపే ఆరాధన

మెదక్ కెథడ్రల్‌ను చూడటానికి వచ్చేవారు తల పైకెత్తి నడుస్తారు. ప్రార్థనకు వచ్చేవారు తల వంచుకుని లోపలికి వెళతారు. హైదరాబాద్‌కు దాదాపు 100 కి.మీ. దూరంలోని ఈ చర్చికి రెండు రకాలవారూ వస్తారు.

పైకి చూసేవారికి కనిపించేవి 175 అడుగుల గోపురం, బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన రంగుటద్దాల కిటికీలు. వాటి మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. వెలుగు పడితేనే ఆ బొమ్మలకు ప్రాణం. పొద్దుగూకితే అవి ఉత్త నల్లటి అద్దాలు.

వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరవు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన ఈ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. 2024లో నూరేళ్లు నిండాయి. ఆ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు దళితులు. ఊళ్లో గుడి గడప తొక్కే హక్కు లేనివారికి దాదాపు 5 వేల మంది పట్టే ఈ మందిరం ఏమిచ్చిందో తెలియాలంటే కట్టడాన్ని కాదు, ఆరాధనను చూడాలి.

మెదక్ చర్చి దక్షిణ ఇండియా సంఘానిది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో వేర్వేరు ప్రొటెస్టెంట్ శాఖలు కలిసి ఏర్పడిన ఈ సంఘం 1950లో సొంతంగా ప్రభు భోజన ఆరాధన క్రమాన్ని రూపొందించుకుంది. అందులో గురువు బల్ల వెనక నిలబడి జనానికి ఎదురుగా ఉంటాడు. పాపపు ఒప్పుకోలు, వాక్య పఠనం, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపన... ఒకదాని తర్వాత ఒకటి సాగుతుంటే సంఘమంతా గొంతు కలుపుతుంది. చదువురానివారు కూడా విని విని కంఠతా పట్టేస్తారు. ఇక్కడ ప్రేక్షకులు ఉండరు.

అన్నిటికన్నా అసలైన ఘట్టం సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం. కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న పద్ధతి ఇది. ఒకరి కుడిచేతిని మరొకరు రెండు చేతుల మధ్య పట్టుకుంటారు. బల్ల దగ్గర మొదలై వరస వెంట వరస చివరిదాకా పాకుతుంది. ముట్టుకుంటే మైల అన్న సమాజంలో ఇది ఉత్త మర్యాద కాదు.

పాటల దగ్గరే పేచీ. పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దంలో రాగతాళాలతో కట్టిన కీర్తనలు పెద్దలకు ప్రాణం. కుర్రకారుకు కీబోర్డు, డ్రమ్స్ కావాలి. పుస్తకం చూసి చేసే ప్రార్థన చప్పగా ఉందని స్వతంత్ర సంఘాలకు వెళ్లేవారూ ఉన్నారు. ఒక్కరు మైకు పట్టుకుంటే మిగిలినవారు శ్రోతలైపోతారన్నది పెద్దల జవాబు. రెండు వాదనల్లోనూ నిజముంది.

అంతకన్నా గట్టి పరీక్ష మరొకటి. తెలుగు చర్చిల్లో కులం చెరిగిపోలేదు. ఎన్నికల్లో, పెళ్లి సంబంధాల్లో అది తల ఎత్తుతూనే ఉంది. ఆశీర్వాదంతో ఆరాధన ముగుస్తుంది. లోపల కలిసిన చేతులు మెట్లు దిగాక ఎంత దూరం కలిసి నడుస్తాయన్నదాన్ని బట్టే దాని ఫలితం తేలుతుంది.