పదిహేడు పళ్ళ చక్రం

నా సామానులో ఒక మందుల డబ్బా ఉంది. మా అమ్మ వాడి పక్కన పడేసింది. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు గదులుంటాయి. కిందటేడు జోర్హాట్‌లో క్వార్టర్స్‌కి చేరి పెట్టెలు విప్పుతుంటే, చూడ్డానికి వచ్చిన పక్కింటి పాప దాన్ని తెరిచి, "ఈ మాత్రలు ఇనుపవా అంకుల్?" అని హిందీలో అడిగింది.

అవి మాత్రలు కావు, పళ్ళ చక్రాలు. ఒక్కోటి రూపాయి బిళ్ళకంటే చిన్నది. సోమవారం గదిలో 18 పళ్ళది, మంగళవారం గదిలో 19, అలా శుక్రవారం దాకా 22. శనివారం గదిలో చిన్న మరలు, ఒక ఆలెన్ కీ. ఆదివారం గది ఖాళీ. అక్కడ ఉండాల్సింది 17 పళ్ళది.

ఈ చక్రాలు వేసే కారు నా దగ్గర లేదు. జామ్‌నగర్‌లో ఉంది. అది అక్కడికి ఎలా వెళ్ళిందో చెబుతాను. మధ్యలో కొన్ని లెక్కలొస్తాయి. భయపడకండి, అంతా భాగహారమే.

ఆ కారు నాకు బికనీర్‌లో దొరికింది. కొన్నాననడానికి లేదు. మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి వాళ్ళ నాన్నగారికి ఆర్మీలో పోస్టింగ్ మారింది. నల్ల ఇనప ట్రంకుల మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు రాసి లారీకెక్కించడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ట్రంకుల్లో చోటు లేదని వాడు ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్లమీద పెట్టాడు. లోపల నాలుగు చక్రాలకూ బలం అందే రేసింగ్ బగ్గీ. అసలు కారులో పదోవంతు కొలత. దానితో రిమోట్, రెండు బ్యాటరీలు, ఒక ప్లాస్టిక్ కవరులో చక్రాలు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "ఇసుకలో అయితే పదిహేడే సార్" అన్నాడు. నేను తల ఊపాను. ఏం పదిహేడో అడగలేదు. ఒక్క నిమిషం ఆపి అడిగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

బికనీర్‌లో ఆ చలికాలమంతా క్వార్టర్స్ వెనక ఇసుకలో దాన్ని తిప్పాను. మామూలు రిమోట్ కార్లలో చాలావాటికి మోటారు బలం వెనక చక్రాలకే వెళుతుంది. మెత్తటి నేలలో అవి గుంట తవ్వుకుని అందులోనే కూర్చుంటాయి. ఈ బగ్గీలో మోటారు ఒక్కటే అయినా దాని బలం ఒక పొడవాటి షాఫ్ట్ మీదుగా ముందుకీ వెనక్కీ పోతుంది. రెండు కొసల్లోనూ ఒక్కో డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియలే. దానికి ఒక బలహీనత కూడా ఉంది. ఒక చక్రం గాల్లోకి లేచిందంటే బలమంతా ఆ ఉత్త చక్రానికే పోయి అది గిరగిరా తిరుగుతుంది, నేలమీదున్నది ఊరుకుంటుంది. అందుకే లోపల చిక్కటి గ్రీజో సిలికాన్ నూనో వేస్తారు. ముందు డిఫరెన్షియల్‌లో కాస్త ఎక్కువ చిక్కనిది వేస్తే, మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు ముందు చక్రాలు రెండూ కలిసి లాగుతాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, కారు నెమ్మదిగా పోతోందని.

ఆ తర్వాత నా పోస్టింగ్ విశాఖపట్నం. అక్కడ స్కూల్లో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. ఒక శనివారం పిల్లలకు చూపిద్దామని బగ్గీని తీసుకెళ్ళాను. వెళ్ళేముందు రాత్రి కవరులోంచి అన్నిటికంటే పెద్ద చక్రం, 22 పళ్ళది, తీసి మోటారుకు బిగించాను. వేగం పెరుగుతుందని మాత్రం ఎక్కడో చదివాను. పెరిగింది కూడా. కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోతుంటే పిల్లలు అరిచిన అరుపులకు స్టాఫ్ రూమ్ కిటికీలు తెరుచుకున్నాయి. నాకూ కాస్త గర్వమనిపించింది, దాచడమెందుకు.

తర్వాత ఎవరో "గ్రౌండ్లో నడుపుదాం సార్" అన్నారు. గ్రౌండంటే ఎర్రమట్టి, పైన సన్నటి గులకరాళ్ళు, అంచుల్లో గడ్డి. వరస కట్టించాను. తలా ఒక నిమిషం. మొదటి బ్యాటరీ అయిపోగానే రెండోది పెట్టాను. వరసలో చివర నిలబడ్డవాడు ఆరో తరగతిలో కొత్తగా చేరిన అబ్బాయి. వాళ్ళ నాన్నగారు నేవీలో పనిచేస్తారు. వాడు స్కూలుకి వచ్చి అది ఐదో రోజు. కొత్త స్కూల్లో ఐదో రోజంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

రిమోట్ వాడి చేతికి వచ్చాక కారు పది గజాలు పోయి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. అందరూ వినేలా "ఏం చేశావురా?" అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. రిమోట్‌ని మెల్లగా నేలమీద పెట్టి, చేతులు నిక్కరుకి తుడుచుకుని, క్లాసువైపు వెళ్ళిపోయాడు. సోమవారం అటెండెన్స్ తీసుకుంటున్నప్పుడు వాడు "ప్రెజెంట్" అన్న గొంతు కూడా నాకు సరిగ్గా వినబడలేదు.

ఇంటికొచ్చి విప్పి చూస్తే మోటారు చచ్చిపోయింది. ఎందుకో మూడు రోజులు తెలియలేదు. మా ఫిజిక్స్ మాస్టారు చూసి, "మీ ఇంట్లో మిక్సీలో నీళ్ళు పోయకుండా గట్టి పిండి రుబ్బారా ఎప్పుడైనా?" అన్నారు. రుబ్బాం. మిక్సీ మూలుగుతుంది, వేడెక్కుతుంది, వాసన వస్తుంది. మోటారు తిరగాల్సినంత వేగంగా తిరగలేకపోతే కరెంటు ఎక్కువ లాగుతుంది, అందులో చాలా భాగం వేడిగా మారిపోతుంది. "బరువెవరు పెట్టారో చూసుకోండి" అని ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

అప్పుడు కూర్చుని పళ్ళు లెక్కపెట్టాను. మోటారు ఇరుసు మీదుండే చిన్న చక్రాన్ని పినియన్ అంటారు. అది తిప్పే పెద్ద ప్లాస్టిక్ చక్రం స్పర్ గేరు. మా దానికి 70 పళ్ళు. పినియన్ 17 అయితే, 70ని 17తో భాగిస్తే సుమారు 4.12. అంటే పెద్ద చక్రం ఒక్కసారి తిరగడానికి మోటారు నాలుగుసార్లు పైగా తిరగాలి. అక్కడినుంచి టైర్ల దాకా లోపల ఇంకా గేర్లున్నాయి. అవి విప్పకుండానే లెక్క తేలుతుంది. స్పర్ గేరు మీదా టైరు మీదా సుద్దముక్కతో గీత పెట్టి చేత్తో తిప్పాను. స్పర్ 13 చుట్లు తిరిగితే టైర్లు 5 చుట్లు తిరిగాయి. 13ని 5తో భాగిస్తే 2.6. దాన్ని 4.12తో గుణిస్తే 10.7. మోటారు 10.7 చుట్లకు చక్రం ఒక చుట్టు. అదే 22 పళ్ళ పినియన్‌తో చేస్తే 8.27.

టైరు అడ్డుకొలత 85 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 267. కాబట్టి మోటారు ఒకసారి తిరిగితే, 17తో కారు 25 మిల్లీమీటర్లు కదులుతుంది, 22తో 32. ఏడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, మొదటిది గంటకు 18 కిలోమీటర్ల వేగం, రెండోది 23. సిమెంటు మీద ఆ 23 దొరుకుతుంది. ఎర్రమట్టిలో, గడ్డిలో ఆ వేగం రాదు, దానికోసం మోటారు పడే పాట్లు మాత్రం మిగులుతాయి. అలా రెండు బ్యాటరీలు, మధ్యలో చల్లారనివ్వకుండా. చివర్లో ఎవరి చేతిలో రిమోట్ ఉన్నా ఆగిపోయేదే. వాడు చేసిన తప్పల్లా వరసలో చివర నిలబడటం.

అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాలి. మర్నాడు ఆరో తరగతి తెలుగు పీరియడ్‌లో బోర్డు మీద 70, 22, 17, 2.6 రాసి భాగహారాలు చేయించాను. "మోటారు కాల్చింది నేను. అడక్కుండా వీడిమీద వేశాను. తప్పు నాది" అన్నాను. పిల్లలు వాడివైపు తిరిగారు. వాడు బోర్డువైపే చూస్తున్నాడు. కాసేపటికి, "మరి మన గ్రౌండుకి ఎంత వెయ్యాలి సార్?" అన్నాడు. వాడి పూర్తి గొంతు నేను వినడం అదే మొదలు.

కొత్త మోటారు తెప్పించాక ఆ ఎంతో తేల్చే పని వాడిదే అయింది. వాడికి ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే తెలుగు బాగా వచ్చు, రాయడం మాత్రం రాదు. కొచ్చి, ముంబయి తిరిగినవాడు. అందుకని ఒక షరతు పెట్టాను. తిప్పిన ప్రతిసారీ నోటుపుస్తకంలో తెలుగులో రాయాలి. నేల ఏమిటి, పినియన్ ఎంత, ఎన్ని నిమిషాలు, వేడి ఎంత. వాడు మొదట నేర్చుకున్న తెలుగు మాటలు అలా 'నేల', 'మట్టి', 'తడి గడ్డి' అయ్యాయి. పాఠ్యపుస్తకం దీనికి ఒప్పుకోకపోవచ్చు.

వేడి కొలవడానికి కరోనా రోజుల్లో నుదుటికి చూపెట్టడానికి కొన్న థర్మామీటరు తెచ్చాం. అది మనుషుల జ్వరం దాకానే చూపిస్తుంది. అంతకంటే ఎక్కువైతే, వేడి మరీ ఎక్కువని చెప్పడానికి హెచ్, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. "మోటారు హాయ్ చెప్తోంది సార్" అన్నాడు. చివరికి మా పద్ధతి వేరే అయింది. ఆపగానే వేలు మోటారుకి దగ్గరగా తెచ్చి చూడటం, మరీ సెగగా లేకపోతే ఆనించడం, మూడు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే సరే. ఉంచలేకపోతే ఒక పన్ను తగ్గించాలి. మీరు చేస్తే పెద్దవాళ్ళు పక్కన ఉండగానే చేయండి, కాలుతుంది.

పినియన్ మార్చడంలో వాడు నాకంటే నేర్పరి అయ్యాడు. చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న మర, ఇరుసు మీద చదునుగా ఉన్నవైపే కూర్చోవాలి. గుండ్రటివైపు బిగిస్తే జారిపోతుంది. రెండు చక్రాల పళ్ళ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి, మోటారును దగ్గరికి నొక్కి బిగించి, చక్రాన్ని తిప్పి కాగితం లాగేయాలి. ఆ కాగితం మందమే వాటి మధ్య ఉండాల్సిన సందు. సందు లేకపోతే గేర్లు ఏడుస్తాయి, ఎక్కువైతే పళ్ళు రాలిపోతాయి. షాకుల సంగతి తొందరగానే తేలిపోయింది. కారును జానెడు ఎత్తునుంచి వదిలితే, దిగాక చక్రాలకు వెళ్ళే ఇరుసులు నేలకు సమంగా నిలవాలి, లేకపోతే స్ప్రింగు సర్దాలి. టైర్లు మట్టికి ముళ్ళున్నవి, సిమెంటుకి అరిగినవి.

మా గ్రౌండుకి 19 కుదిరింది. వానపడిన వారం 18. సిమెంటుకి 21. 22ని మళ్ళీ వేయలేదు. క్లాసులో ఒకడు "అది వేస్తేనే కదా సార్ ఫాస్ట్" అని గొణిగితే, ఈ అబ్బాయి నోటుపుస్తకం తీసి చూపించాడు. నేనూ ఒక సంగతి చెప్పాను. ఈ తరగతి కార్లకు ప్రపంచ పోటీలున్నాయి. 1987లో ఇంగ్లండ్‌లో జరిగిన పోటీలో జపాన్ కుర్రాడు మసామి హిరోసాకా ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీతో గెలిచాడు. తర్వాత రకరకాల కార్లతో మొత్తం 14 ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు. ఈ రేసులు మామూలుగా 5 నిమిషాలే. ఆ ఐదు నిమిషాలూ మోటారు, బ్యాటరీ నిలవకపోతే మొదటి నిమిషం ఎంత వేగంగా పోయినా లాభం లేదు. గొణిగినవాడు నమ్మినట్టు కనబడలేదు. ఆరో తరగతిలో నేనూ నమ్మేవాణ్ణి కాదు.

తర్వాతి ఏప్రిల్లో వాళ్ళ నాన్నగారికి జామ్‌నగర్ పోస్టింగ్ వచ్చింది. చివరిరోజు కారును వాడికే ఇచ్చేశాను. ట్రంకుల్లో చోటుండదేమో అన్నాను, బికనీర్ అట్టపెట్టె గుర్తుండి. వాడు ఇంటికెళ్ళి చూసొచ్చి, రెండు రగ్గులు తీసేస్తే పడుతుందన్నాడు. ఆ రగ్గుల గురించి వాళ్ళమ్మగారు నాతో తర్వాత మాట్లాడారు, అంత సంతోషంగా కాదు. అక్కడ నేల ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి 17 వేసి పంపాను. మిగతా చక్రాలున్న మందుల డబ్బా మా ఇంట్లోనే అలమరలో మర్చిపోయాను. అదే వేసవిలో నాకూ ఆర్డరొచ్చింది. మళ్ళీ ఆ డబ్బాను చూడటం జోర్హాట్‌లోనే, ఆ పాప చేతుల్లో.

పోయిన నెల వాళ్ళమ్మగారి ఫోన్ నుంచి ఒక ఫోటో వచ్చింది. నోటుపుస్తకంలో పేజీ. "జామ్‌నగర్. నేల: పైన దుమ్ము, కింద గట్టి. 17. 5 నిమిషాలు. వెడి లేదు. వేలు పది లెక్క పెట్టినా ఉంచాను. 19 కావాలి సార్."

ఆ మధ్యాహ్నమే మంగళవారం గది ఖాళీ చేసి, 19ని దూదిలో చుట్టి స్పీడ్ పోస్టులో వేశాను. 'వేడి'కి దీర్ఘం సంగతి అందులో రాయలేదు. చిన్న మరలు మాత్రం రెండు వేశాను, ఒకటి ఎలాగూ దుమ్ములో పడిపోతుంది.