చేపల రేవులో సెల్లు మోగిన వేళ...

సెల్‌ఫోన్ అంటే డబ్బున్నవాళ్ల సరదా అనుకునే రోజుల్లో అది ఉత్తర కేరళ తీరానికి చేరింది. చేప ధర మార్చింది. పడవలు చేసే వడ్రంగుల రాతనూ మార్చేసింది. ప్రపంచమంతా ఆర్థికశాస్త్ర విద్యార్థులు చదువుకునే ఆ కథ పుట్టింది మన దేశంలోనే!

మంగళూరు నుంచి దక్షిణంగా వెళ్లే రైలెక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే కాసర్‌గోడ్ దాటినప్పట్నుంచీ కొబ్బరి చెట్ల సందుల్లోంచి అరేబియా సముద్రం దోబూచులాడుతూనే ఉంటుంది. కణ్ణూర్, తలశ్శేరి, వడకర, కోజికోడ్... కాసర్‌గోడ్ నుంచి కోజికోడ్ దాకా దాదాపు 175 కిలోమీటర్లు. దారి పొడవునా కొన్ని కిలోమీటర్లకో చేపల రేవు. తెల్లవారుజామున అయిదింటికి మొదలయ్యే పాట ఎనిమిదింటికల్లా ముగిసిపోతుంది.

ఈ రేవులకు మహారాణి మత్తి. మనం కవళ్లు అనే చేపే అది. కుడంపులి వేసి మట్టి చట్టిలో వండిన మత్తి కూర, పక్కన ఉడికించిన కర్రపెండలం... కేరళలో పేదింటికీ పెద్దింటికీ ఇష్టమైన భోజనం. చౌకైన చేప, బలమైన చేప. ఒక్కటే చిక్కు, త్వరగా పాడవుతుంది. పట్టిన పూటే అమ్ముడుపోవాలి.

పారబోసిన చేపలు

1997 జనవరి 14. వడకర రేవుకు ఆ ఉదయం పడవలు నిండుగా వచ్చాయి. కొనేవాళ్లు మాత్రం తక్కువ. 11 మంది మత్స్యకారులకు ఒక్క బేరమూ తగల్లేదు. పట్టిన చేపల్ని పారబోయడం తప్ప వాళ్లకు దారి లేకపోయింది. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే సమయానికి, 15 కిలోమీటర్ల లోపే, 27 మంది వ్యాపారులు చేపలు దొరక్క ఖాళీ బుట్టలతో వెనుదిరగబోతున్నారు!

ఇక్కడి సంగతి అక్కడికి తెలిసే మార్గం లేదు. పోనీ పడవను పక్క రేవుకు తిప్పుదామంటే, తీరా వెళ్లాక అక్కడా ధర లేకపోతే? ఇంధనం ఖర్చు దండగ. అప్పటికి పాట కూడా అయిపోతుంది. అందుకే ఎవరి రేవుకు వాళ్లు చేరి, దొరికిన ధరకు అమ్ముకునేవారు. ఒకే రోజు ఒక రేవులో మత్తి మంచి ధర పలికితే, పక్క రేవులో అడిగే నాథుడుండేవాడు కాదు.

ఈ వివరాలన్నీ రాసిపెట్టింది రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త. 1996 నుంచి 2001 వరకు ఆయన బృందం 15 రేవుల్లో 300 పడవల లెక్కల్ని వారం వారం సేకరించింది. ఎంత పట్టారు, ఎక్కడ అమ్మారు, ఎంతకు అమ్మారు, ఎంత పారబోశారు... అన్నీ.

నడిసంద్రంలో బేరం

ఆ మధ్యలోనే టవర్లు వచ్చాయి. 1997లో కోజికోడ్ ప్రాంతానికి, 1998లో కణ్ణూర్‌కు, 2000లో కాసర్‌గోడ్‌కు. వచ్చిన కాల్‌కీ డబ్బులు కట్టాల్సిన రోజులవి. టవర్లు కట్టింది పట్టణాల కోసమే. కానీ అవి తీరం పక్కనే ఉండటంతో సంకేతం సముద్రంలోకి 20-25 కిలోమీటర్ల దాకా అందేది. మత్తి పట్టే పడవలు ఎక్కువగా తిరిగేదీ ఆ మేరలోనే.

ఇంకేముంది! వల లాగగానే ఫోన్ తీయడం, నాలుగు రేవులకు కొట్టడం, ఎక్కడ ధర బాగుంటే పడవను అటు తిప్పడం... 2001 నాటికి సగానికి పైగా పడవల్లో ఫోన్లున్నాయి. మూడు ప్రాంతాలకూ ఫోన్ ఒకేసారి రాకపోవడం జెన్సెన్‌కు కలిసొచ్చింది. టవరు వచ్చిన చోటా, ఇంకా రాని చోటా ధరల్ని పక్కపక్కన పెట్టి చూడగలిగారు. ఫోన్ వచ్చిన చోటల్లా రేవుకూ రేవుకూ ధరల తేడా బాగా తగ్గిపోయింది. అంతకుముందు రోజూ 5 నుంచి 8 శాతం దాకా ఉండే చేపల వృథా దాదాపు మాయమైంది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది. కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ బాగుపడ్డ బేరమన్నమాట. 2007లో అచ్చయిన ఈ అధ్యయనం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

పడవల కొట్టాల్లో...

కథ అక్కడితో ఆగలేదు. పక్క రేవులకు వెళ్లడం మొదలయ్యాక మత్స్యకారులు అక్కడివాళ్లతో మాట్లాడారు. వాళ్ల పడవల్ని చూశారు. ‘ఇది ఎవరు చేశారు? ఎన్నేళ్లు ఆగింది?’ అన్న ప్రశ్నలు మొదలయ్యాయి. అప్పటిదాకా ఏ ఊరివాళ్లు ఆ ఊరి వడ్రంగి దగ్గరే పడవ చేయించుకునేవారు. అతని పనితనం ఎంతో పోల్చుకోవడానికి ఇంకొకటి చూస్తేగా!

జెన్సెన్, నోలన్ మిల్లర్ కలిసి 2018లో ప్రచురించిన పరిశోధన ఈ మార్పు గురించే. గట్టి పడవ చేసేవాళ్లకు దూరపు ఊళ్లనుంచీ గిరాకీ వచ్చింది. వాళ్ల కొట్టాలు పెద్దవయ్యాయి. ఒక్కడే అన్నీ చేసే పద్ధతి పోయి, ఎవరికి చేతనైన పని వాళ్లకు అప్పగించారు. దాంతో ఒక్కో పడవకయ్యే ఖర్చు తగ్గింది. మన్నికతో కలిపి చూసుకుంటే మత్స్యకారుడికి పడవ చౌకైంది.

మరి నాసిరకం పడవలు చేసేవాళ్లో? కొట్టాలు మూసుకున్నారు. ఆ తీరంలోని పడవల కార్ఖానాల్లో సగానికి పైగా కొన్నేళ్లలోనే కనుమరుగయ్యాయి. పడవ మునిగితే ప్రాణం మీదికొచ్చే వృత్తిలో గట్టి పడవే నిలవడం న్యాయమే. కానీ ఉన్న ఊళ్లో చేతిపనిని నమ్ముకున్న కుటుంబాలకు అది చిన్న దెబ్బేం కాదు. పరిశ్రమ మొత్తంగా చూస్తే ఉత్పాదకత పెరిగింది. ఇంటింటి లెక్క మాత్రం వేరు.

ఫోన్ ఒక్కటే ఇంత మేలు చేసిందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే పరిశోధకులు కేరళ తీరాన్ని మళ్లీ పరిశీలించి 2013లో తమ మాట చెప్పారు. పట్టే చేప ఏది, పాట ఎలా సాగుతుంది, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఉన్న సంబంధాలేమిటి అన్నవీ ముఖ్యమేనన్నారు. నిజమే. అప్పిచ్చిన దళారికే సరుకు పోయాలన్న కట్టుబాటు ఉంటే, పక్క రేవులో ధర తెలిసీ ఏం లాభం?

ధర చెప్పే ఫోన్... చేపను తేగలదా?

ఇప్పుడు ఈ తీరానికి సమాచారం మన హైదరాబాద్ నుంచీ వెళ్తోంది. అక్కడి ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో చేపలు దొరికే చోట్లనూ, అలల తీరునూ మత్స్యకారులకు ముందే చెబుతుంది. అయినా సముద్రం మాట సముద్రానిదే. 2012లో కేరళ తీరంలో దాదాపు 4 లక్షల టన్నుల మత్తి పడింది. 2021లో పడింది 3,297 టన్నులే! తర్వాతి ఏళ్లలో మళ్లీ లక్ష టన్నులు దాటడంతో రేవులు ఊపిరి పీల్చుకున్నాయి. ఉన్న చేప వృథా కాకుండా ఫోన్ కాపాడగలదు. లేని చేపను పుట్టించలేదుగా!

అటువైపు వెళ్లినవాళ్లు కణ్ణూర్‌లో 1505లో పోర్చుగీసువాళ్లు కట్టిన సెయింట్ ఏంజెలో కోటను ఎలాగూ చూస్తారు. దాని గోడ మీంచి కిందికి చూస్తే మాపిళ బే రేవు, వరసగా పడవలు కనిపిస్తాయి. ఓ పూట తెల్లారకముందే లేచి ఏదో ఒక రేవుకు వెళ్తే పాట కూడా వినొచ్చు. భాష రాకపోయినా ఫర్వాలేదు, బేరం ఎటు తెగుతోందో వాళ్ల ముఖాలే చెబుతాయి.