ఎన్18 పక్కన రాసుకున్నవి

మార్చి 3, 2025, సోమవారం

అమెరికా చార్టులకు జబ్బుల కోడ్లు వేయబోయే కొత్త బ్యాచ్‌కి ఇవాళ మూత్రపిండాల అధ్యాయం. ఎక్కువమంది ఉస్మానియాలో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లే. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, కోడర్ల పరీక్ష సీపీసీ పాసై వచ్చారు. కిడ్నీ జబ్బు దశల కోడ్లు ఎన్18.1 నుంచి ఎన్18.6 దాకా గడగడా చెప్పేస్తారు. నమూనా చార్టు ముందు పెట్టగానే గొడవ మొదలైంది. ల్యాబ్ కాగితంలో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 38 ఉంది. డాక్టరు మాత్రం ‘సీకేడీ’ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అని రాసి వదిలేశాడు.

‘‘38 అంటే 3బి కదా మేడమ్, కళ్లకి కనిపిస్తోంది!’’

కనిపిస్తోంది. అయినా 3బి కోడ్ ఎన్18.32 వేయకూడదు. దశ ఏదో వైద్యుడు రాయాలి. రాయకపోతే దశ చెప్పని ఎన్18.9 వేయాలి, లేదా డాక్టరుకు క్వెరీ పంపాలి. పిల్లలకిది మొండి నియమంలా అనిపించింది. నేను మాత్రం దాన్ని మనసారా సమర్థిస్తాను. వాంతులూ విరేచనాలతో నీరసించినవాడికీ, వారం రోజులు నొప్పి మాత్రలు మింగినవాడికీ ఒక పూట 38 రావచ్చు. మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు. ఆ మనిషిని చూసినవాడే ఆ మాట చెప్పాలి.

మార్చి 5

తార్నాక చౌరస్తా దగ్గర మందుల షాపు. నా ముందున్న తాపీమేస్త్రీ ఒళ్లు నొప్పులకని మాత్రలు అడిగాడు, చీటీ లేదు. రెండు స్ట్రిప్పులు చేతిలో పెట్టారు. ఈ కొనుగోలు ఏ చార్టులోకీ ఎక్కదు. పదేళ్ల తర్వాత ఏ డాక్టరైనా ‘మందులేమైనా వాడేవాడివా’ అని అడిగితే ఇతనికి ఏం గుర్తుంటుంది?

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడక. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పోటీ పరీక్షల పిల్లలు అప్పటికే పుస్తకాలు తెరిచారు. తిరిగి వస్తూ జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు ఆగాను. యూనివర్సిటీ, ఈ సంస్థ రెండూ 1918లో పుట్టినవే. ఇది కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి విచారణ కోసం పెట్టిన చిన్న విభాగంగా మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. జొన్న తినేవాళ్లకు పెలాగ్రా ఎందుకొస్తోందని పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ బృందం వెతికింది ఇక్కడే. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు వంకరపోవడం గురించి 1970లలో ఇక్కడి పరిశోధకులే రాశారు. కారణం తెలియని జబ్బు వెంటపడి ఊళ్లకు వెళ్లే అలవాటు ఈ గేటు లోపల ఉంది. అందుకే ఇటు వచ్చినప్పుడల్లా నాకు గౌరవంగా ఉంటుంది.

మార్చి 13, గురువారం

ప్రపంచ కిడ్నీ దినం. మెట్రో దిగి వస్తుంటే బ్యాచ్‌లోని శ్రీకాకుళం జిల్లా కవిటి అబ్బాయి కలిశాడు. మాణికేశ్వర్ నగర్‌లో రూము.

‘‘మా వైపు వాళ్లకి ఏ కోడ్ వేస్తారు మేడమ్? మా మావయ్యకి సుగర్ లేదు, రాళ్లు లేవు. కొబ్బరితోటలో పని చేసిన మనిషి. క్రియాటినిన్ ఆరు దాటేదాకా ఏటీ తెలీలేదు.’’

రోడ్డు పక్కనే నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఆ జిల్లాలోని ఉద్దానం అంతా ఇదే కథ. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఏదీ తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే.

మేం వాడే అమెరికా కోడ్ల పుస్తకంలో ఎన్18 అడిగేది దశనే. ఎన్18.9 అంటే దశ రాయలేదని. కారణం వెతికాం, దొరకలేదు అని చెప్పడానికి అక్కడ విడిగా ఓ నంబరు లేదు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. బీపీ, కిడ్నీ జబ్బు రెండూ ఉంటే, సంబంధం లేదని డాక్టరు స్పష్టంగా రాస్తే తప్ప, రెంటికీ సంబంధం ఉందనే తీసుకుని ఐ12, అంటే బీపీ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు కోడ్, వేయమంటుంది నియమం. కిడ్నీలు చెడితే చాలామందిలో బీపీ దానంతటదే పెరుగుతుంది. ఉద్దానం మనిషి ఆస్పత్రి మెట్లెక్కే సరికి చాలాసార్లు బీపీ వచ్చే ఉంటుంది. ఇక ఆ పుస్తకం ప్రకారం అతను బీపీ వల్ల కిడ్నీ పోయినవాళ్ల లెక్కలో కలిసిపోతాడు. ఏ అంతుచిక్కని జబ్బు కోసం అందరూ వెతుకుతున్నారో అది కాగితం మీదే మాయమవుతుంది.

మార్చి 16

ఆ అబ్బాయి మావయ్య డిశ్చార్జి కాగితం చూపించాడు. ‘కె/సి/ఓ హెచ్‌టీఎన్, సీకేడీ, ఆన్ ఎంహెచ్‌డీ’. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నాయి, డయాలసిస్ మీద ఉన్నాడు, అంతే. ఏ సంవత్సరం బయటపడింది, మొదటి క్రియాటినిన్ ఎంత, బీపీ ముందా కిడ్నీ ముందా, ఏ పని చేసేవాడు, ఒక్కటీ లేదు. కింద మందుల పట్టిక, డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చెయ్యి జాగ్రత్త అని ఒక ముక్క. వందమంది క్యూలో ఉన్న డాక్టరుకు తీరిక లేదని నాకు తెలుసు. అయినా బాధగానే ఉంది.

మార్చి 20

అమెరికా చార్టులు అంత వివరంగా ఉండటానికి అక్కడి డాక్టర్ల శ్రద్ధ ఒక్కటే కారణం కాదు. ప్రైవేటు కంపెనీలు నడిపే అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ అడ్వాంటేజ్‌లో మనిషి జబ్బుల బరువును బట్టి బీమా కంపెనీకి డబ్బు వస్తుంది. కిడ్నీ ఒకటి, రెండు దశలకు ఏమీ అదనంగా రాదు, మూడు నుంచి వస్తుంది. అందుకే మూడో దశను 2020 అక్టోబరులో 3ఎ, 3బి అని చీల్చినప్పుడు మా ఫ్లోర్ మీద అంత హడావుడి. లేని బరువు ఎక్కించారని అక్కడి ప్రభుత్వం కంపెనీల మీద కేసులూ వేసింది. మన ఆరోగ్యశ్రీ 2007లో ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అందులో డబ్బు కదిలేది డయాలసిస్ చేసినందుకు. ఎందుకు అవసరమైందో రాయించే బలం ఆ డబ్బుకు లేదు.

మార్చి 24

మరణ కారణం రాసే ఫారం 4లోనూ ఇదే సమస్య. ‘గుండె ఆగడం’ అని రాయొద్దు, దానికి దారితీసిన జబ్బు రాయాలి అని ఫారంలోనే ఉంటుంది. అయినా అదే రాస్తారు. 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో వైద్యుడి ధ్రువీకరణ ఉన్నవి 22.5 శాతమే. ఇంట్లో మంచం మీద పోయిన డయాలసిస్ రోగి ఎక్కడ లెక్కకొస్తాడు!

మార్చి 30, ఉగాది

కవిటి అబ్బాయి పండక్కి ఊరెళ్లాడు. వెళ్లే ముందు ఇద్దరం కూర్చుని ఒక కాగితం గీశాం, రోగి తన ఫైలులో పెట్టుకోవడానికి. మొదటి క్రియాటినిన్ తేదీ, మొదటిసారి బీపీ చూసిన తేదీ పక్కపక్కనే. కింద వాడిన నొప్పి మాత్రలు, చేసిన పని. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. అక్కడి డాక్టరు ఈ ఒక్క పేజీ చూసినా చాలు, మిగతాది ఆయన అడుగుతారు.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ‘‘ఏ నీళ్లు తాగేవారో రాయడానికి జాగా లేదు మేడమ్. మావయ్య చిన్నప్పుడు నుయ్యి అంటన్నాడు, పెళ్లయ్యాక బోరు, ఇప్పుడు కుళాయి.’’

మూడింటికీ సంవత్సరాలు అడగమన్నాను. పాత కాగితంలో అన్ని గడులు పట్టవు. అడ్డంగా తిప్పి మళ్లీ గీస్తున్నాను.